నేల మీది మచ్చలు, మా మీది బాకీ

మాసబ్ ట్యాంకులో మేము పాఠాలు చెప్పే మదర్సా భవనం పెద్దదేమీ కాదు. కింద ఒక పొడవాటి హాలు, దాని పక్కన వుజూఖానా, వెనుక వంటగది, మేడ మీద విద్యార్థుల గదులు. హాలు నేలంతా తాండూరు నీలి బండలు పరిచి ఉన్నాయి. పగలు అక్కడే దర్సు, అయిదు పూటలా అక్కడే నమాజు, రంజాన్ మాసంలో ఇఫ్తారు కూడా అక్కడే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ బండల మీద కూర్చుని పిల్లలకు సర్ఫ్, నహూ, ఫిఖ్‌హ్ బోధిస్తున్నాము.

ఫిఖ్‌హ్ గ్రంథాలు తహారత్ అధ్యాయంతోనే మొదలవుతాయి. ఏ నీరు శుద్ధమైనది, ఏ మలినం ఎలా తొలగుతుంది, నేల ఎప్పుడు పరిశుద్ధమవుతుంది అన్న విషయాలను ఏటా కొత్త విద్యార్థులకు వివరిస్తూనే ఉన్నాము. కాని మా కాళ్ళ కింద ఉన్న రాయి ఏ జాతిదో, దానికి ఏది పడుతుందో, ఏది పడదో ఒక్కనాడూ విచారించలేదు. ఆ అజ్ఞానం వల్ల ఒక సాటి మనిషి మనసు నొప్పించాము. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. పాఠకుల ఇళ్ళలోనూ ఇటువంటి బండలే ఉండవచ్చు, ఇటువంటి పొరపాటే జరుగుతూ ఉండవచ్చు.

గత రంజాన్‌కు రెండు నెలల ముందు సంగతి. హాలు నేల రంగు మారుతున్నట్టు గమనించాము. వుజూఖానా గడప దగ్గర తెల్లని పొర, గోడ వెంట ఉప్పు పూసినట్టు పొడి, ఇనుప బీరువా కాళ్ళ కింద గోధుమరంగు వలయాలు, నడిచే దారిలో కళ తప్పిన చార. మా ఖాదిం అరవై దాటిన పెద్దమనిషి. పిల్లలంతా ఆయనను చాచా అని పిలుస్తారు, మేమూ అలాగే పిలుస్తాము. ఫజ్ర్ తరువాత ఒకసారి, అసర్‌కు ముందు ఒకసారి ఆయన హాలు తుడుస్తారు. మచ్చలు పోవడం లేదని మేమే బజారుకు వెళ్ళి స్నానాలగదులు కడిగే యాసిడ్ సీసాలు రెండు కొని తెచ్చి ఆయన చేతికిచ్చాము. “చాచా, దీనితో రుద్దండి. మెరిసిపోవాలి” అన్నాము. ఆయన కాస్త సందేహించారు గాని కాదనలేదు.

రెండు రోజులు నేల తెల్లగా, కొత్తగా కనిపించింది. మూడవ నాటికి ఆ తెలుపు పాలిపోయిన తెలుపని తెలిసింది. నీలి బండ మీద బూడిద చల్లినట్టుంది. చేత్తో తడిమితే గరుకుగా తగిలింది. వారం తిరగకముందే మునుపటి కంటే ఎక్కువ మురికి పట్టింది. అంతేకాదు, వుజూఖానా దగ్గర ఇనుప తలుపు మీద కొత్తగా తుప్పు లేచింది.

ఒకనాడు దర్సు మధ్యలో మా చూపు ఆ మచ్చల మీద పడింది. చాచాను పిలిచి, ముప్ఫై మంది పిల్లల ఎదుట, “తుడవడం చేతకాకపోతే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాము” అన్నాము. ఆయన తల వంచుకుని, “రోజుకు రెండు పూటలా తుడుస్తూనే ఉన్నాను మౌల్వీ సాబ్” అన్నారు. మరొక మాట అనలేదు. మరునాటి నుంచి రాలేదు.

ఆ వారంలోనే వంటగది గోడ మరమ్మతుకు ఒక మేస్త్రీ వచ్చాడు. పాలమూరు వైపు మనిషి, చిన్ననాటి నుంచి బండలు పరిచే పనే చేసినవాడు. హాలు నేల చూసి మోకాళ్ళ మీద కూర్చుని వేలితో రుద్ది, “యాసిడ్ కొట్టిన్రా సాబ్?” అని అడిగాడు. అవునన్నాము. పెరట్లో మిగిలి ఉన్న ఒక బండ ముక్క తెచ్చి దాని మీద మా సీసాలోని చుక్క ఒకటి వేశాడు. బుసబుసమని నురుగు లేచింది. “సూడుండ్రి, మచ్చ పోతలేదు, బండనే పోతున్నది. ఇది సున్నపు రాయి సాబ్” అన్నాడు.

ఆ నురుగు చూస్తూ మేము కొంతసేపు మాట్లాడలేకపోయాము. ఇన్నాళ్ళూ నేలను పాడుచేసింది చాచా చేతిలోని తడిబట్ట కాదు, మా చేతులతో కొని తెచ్చిన సీసా.

తరువాత కొన్నాళ్ళు ఆ మేస్త్రీని, రాయి పాలిష్ పట్టేవారిని, రసాయన శాస్త్రం బోధించే ఒక మిత్రుడిని అడిగి తెలుసుకున్న విషయాలను ఇక్కడ వరుసగా చెబుతున్నాము.

మొదటిది, మీ నేల ఏ రాయో తెలుసుకోవాలి. మన ప్రాంతంలో పాత ఇళ్ళలో ఎక్కువగా కనిపించే షాబాదు బండ, తాండూరు నీలి బండ, పసుపు బండ, కడప నల్ల బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాతి కుటుంబానికి చెందినవే. పాలరాయి కూడా అంతే. వీటిలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే అది కరిగి బొగ్గుపులుసు వాయువు పైకి వస్తుంది. మేము చూసిన నురుగు అదే. మొజాయిక్ నేలలో ఉండేవి పాలరాతి ముక్కలు, వాటిని పట్టి ఉంచేది సిమెంటు. రెండింటికీ ఆమ్లం శత్రువే. గ్రానైటు వేరు. అది ఆమ్లానికి అంత సులభంగా లొంగదు కాని నూనెను పీల్చుకుంటుంది. మన మక్కా మస్జిదు కట్టడం గ్రానైటుతోనే జరిగింది. విట్రిఫైడ్ టైల్స్ ఆమ్లానికి తట్టుకున్నా, వాటి జాయింట్ల సిమెంటు తట్టుకోలేదు.

నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ కూడా ఆమ్లాలే. ఇఫ్తారు వేళ సున్నపు బండ మీద నిమ్మ షర్బతు ఒలికితే కళ తప్పిన గుర్తు మిగులుతుంది. చాలామంది దాన్ని మచ్చ అనుకుని రుద్దుతారు. అది పైన అంటిన మచ్చ కాదు, రాయి పైపొర తినివేయబడిన చోటు. ఎంత తుడిచినా పోదు. మళ్ళీ పాలిష్ పడితేనే పోతుంది. కనుక ఒలికిన వెంటనే పొడిబట్టతో అద్ది, ఆ పైన మంచినీటితో తుడవాలి.

రెండవది నీరు. నగరానికి 1908 మూసీ వరద తరువాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. మా పెద్దలు ఆ నీళ్ళతోనే ఇళ్ళు కడిగారు. నేడు నల్లా నీరు చాలక బోరు నీరు కలుపుకుంటున్నాము. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీరు ఆరిపోతుంది, లవణాలు నేల మీదే మిగిలిపోతాయి. వుజూఖానా గడప దగ్గర మేము చూసిన తెల్లని పొర అదే. పిల్లలు వుజూ చేసి తడి కాళ్ళతో వచ్చే దారి పొడుగునా అది పేరుకుంది. ఆ నీటిలో సబ్బు కలిస్తే జిడ్డు తెట్టు కూడా కడుతుంది. నీరు నిలవకుండా వాలు సరిచేయించడం, గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా వేయడం, కడిగిన తరువాత పొడిబట్టతో ఆరేలా తుడవడం దీనికి మందు. ఈ మూడూ చేసిన తరువాత కొత్త పొర పేరుకోవడం బాగా తగ్గింది.

మూడవది నేలలోని తడి. మాసబ్ ట్యాంకు అన్న పేరులోనే నీరుంది. కుతుబ్ షాహీల కాలంలో ‘మా సాహెబా’ అని గౌరవంగా పిలువబడిన రాజకుటుంబపు స్త్రీ పేరిట ఇక్కడ చెరువు ఉండేది. మా సాహెబా తాలాబ్ అన్న మాట ప్రజల నోట నలిగి నేటి పేరు అయింది. చెరువు ఉన్న చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది. చెరువు ఉన్నా లేకున్నా, ఏ నేలలోనైనా తడి బండల సందుల గుండా, గోడల గుండా పైకి పాకుతుంది. వస్తూ మట్టిలోని, సిమెంటులోని లవణాలను కరిగించి తెస్తుంది. పైకి వచ్చి ఆరినప్పుడు అవి తెల్లని పొడిగా లేస్తాయి. దాన్ని నీళ్ళు పోసి కడిగితే లవణం మళ్ళీ కరిగి లోపలికి దిగి, మరునాడు మళ్ళీ పైకి వస్తుంది. పొడి బ్రష్షుతో ఊడ్చి తీసివేయాలి. అసలు వైద్యం తడి వచ్చే దారిని మూయడంలో ఉంది. మా వంటగది గోడలోని కారే పైపు బాగుచేయించాక ఆ గోడ వెంట పొడి రావడం చాలావరకు తగ్గింది.

నాలుగవది తుప్పు. తడి నేల మీద ఇనుప బీరువా, గ్యాస్ సిలిండరు, బకెట్టు స్టాండు ఉంచితే గోధుమ వలయాలు పడతాయి. రాతి రంధ్రాలలోకి దిగిన తుప్పును తీయడం కష్టం, రానీయకుండా చూడడం తేలిక. కాళ్ళ కింద ప్లాస్టిక్ తొడుగులు వేయాలి. రబ్బరు తొడుగులు వద్దు. రబ్బరులో కలిపే కొన్ని రసాయనాలు నేలలోకి దిగి పసుపు మచ్చ వేస్తాయి. వినైల్ పరచిన ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. రబ్బరు అడుగున్న తివాచీలు, పట్టాలు రోజుల తరబడి ఒకేచోట ఉంచితే కింద తడి నిలిచి నేల నల్లబడుతుంది కూడా. వారానికి ఒకసారైనా వాటిని ఎత్తి ఎండలో వేసి, కింద నేలను గాలికి ఆరనివ్వాలి.

అయిదవది ఇసుక. ఇది మాకు అన్నిటికంటే వింతగా తోచింది. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో సున్నపురాతిలోని కాల్సైటు 3 దగ్గర ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. అంటే చెప్పులకు అంటుకుని వచ్చే ప్రతి ఇసుక రేణువూ బండకు ఉలి వంటిదే. రోజూ వందల అడుగులు పడే దారిలో సన్నని గీతలు పడి వెలుగు చెదిరిపోతుంది. కంటికి అది రంగు మారినట్టే కనిపిస్తుంది. కనుక తడిబట్ట పెట్టే ముందు మెత్తని చీపురుతో పొడిగా ఊడ్వడం తప్పనిసరి. ఇసుక ఉండగానే తడిబట్టతో రుద్దడం అంటే మనమే ఉప్పుకాగితం పట్టడం. చెప్పులు విడిచే చోటును మేము గడప నుంచి మెట్ల కిందికి మార్చాము.

ఆరవది వంటగది మచ్చలు. నూనె రాతి రంధ్రాలలోకి దిగి ఆ చోటును నల్లబరుస్తుంది. వంటసోడాను నీటితో ముద్దలా కలిపి మచ్చ మీద మందంగా పూసి, ప్లాస్టిక్ కాగితం కప్పి, ఒక రోజు తరువాత కాగితం తీసి పూర్తిగా ఆరనిచ్చి ఊడ్చివేయాలి. ఆరుతున్న ముద్ద లోపలి నూనెను పైకి పీలుస్తుంది. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ వేయాలి. ఆగ్రాలోని తాజ్‌మహల్ పాలరాయి పసుపు తిరిగినప్పుడు పురావస్తు శాఖ వారు ముల్తానీ మట్టి పూతలు వేసి శుభ్రపరిచినదీ ఈ సూత్రంతోనే. అంతటి కట్టడానికి మట్టి పూత వాడినవారు ఉండగా, మా హాలుకు మేము యాసిడ్ తెచ్చాము! పసుపు మచ్చకైతే ఎండ మేలు. పసుపులోని రంగు పదార్థం వెలుతురుకు వెలిసిపోతుంది.

ఏడవది, తుడిచే పద్ధతి. ఒకే బకెట్టు నీళ్ళతో హాలంతా తుడిస్తే చివరి బండలకు పూసేది మొదటి బండల మురికే. రెండు బకెట్లు ఉండాలి, ఒకటి బట్ట పిండడానికి, మరొకటి మంచినీటికి. ఫినాయిల్ గాని, సబ్బు నీరు గాని ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమనుకోవడం పొరపాటు. మిగిలిన సబ్బు పొరకు దుమ్ము అంటుకుని నేల నల్లబడుతుంది. బండ దాహంగా ఉందో లేదో చూడడానికి ఒక నీటి చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే రాయి పీల్చుకుంటున్నదని అర్థం. అప్పుడు రాతికి వేసే సీలర్ పూత అవసరం. ఏ కొత్త మందైనా ముందు మూలలో చిన్న చోట వేసి చూడాలి.

మరొక మాట ప్రాణానికి సంబంధించినది. తల్లులు, అక్కచెల్లెళ్ళు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్ పౌడరు లేదా బ్లీచ్ ద్రవంతో యాసిడ్‌ను ఎన్నడూ కలపరాదు. ఒకటి వేసిన చోట వెంటనే రెండవది కూడా వేయరాదు. ఆ కలయికలో క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఇక చాచా విషయం. మేస్త్రీ వెళ్ళిపోయిన రాత్రి ఇషా తరువాత మాకు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన పదే పదే గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) వారి మస్జిదును ఊడ్చే ఒక వ్యక్తి చనిపోయారు. సహచరులు ఆ మరణాన్ని పెద్ద విషయంగా భావించక ఆయనకు తెలియజేయలేదు. కొన్నాళ్ళకు ఆయన ఆ వ్యక్తి గురించి అడిగి, సంగతి తెలిసి, తమకెందుకు చెప్పలేదని ప్రశ్నించి, సమాధి దగ్గరకు వెళ్ళి నమాజు చేశారు. ఈ హదీసును మేము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఊడ్చే మనిషి లేడని దైవప్రవక్త (స) వెదికారు. మేము ఊడ్చే మనిషిని పిల్లల ఎదుట వెళ్ళిపొమ్మన్నాము.

పండితులు చెప్పే మాట విద్యార్థులందరికీ తెలిసినదే. అల్లాహ్ పట్ల చేసిన తప్పుకు పశ్చాత్తాపంతో ఆయన మన్నింపు వేడుకోవాలి. దాసుల హక్కు విషయంలో చేసిన తప్పుకు అది చాలదు, ఆ దాసుడి దగ్గరకు వెళ్ళి మన్నించమని అడగాలి. చెప్పడం సులువు. అడుగు వేయడానికి మాకు రెండు రోజులు పట్టింది. యాభై దాటిన వయసు, ఉస్తాద్ అన్న పేరు, అందరూ లేచి సలాం చేసే అలవాటు, ఇవన్నీ కాళ్ళకు అడ్డం పడ్డాయి.

చివరకు జుమా నమాజు తరువాత ఆయన ఇంటికి వెళ్ళాము. విజయనగర్ కాలనీ వెనుక ఒక్క గది ఇల్లు. ఆయన మంచం మీది నుంచి లేచి కుర్చీ చూపించారు. చేతులకు ఏదో తైలం రాసుకుని ఉన్నారు. అప్పుడు చూశాము, వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా చిట్లి ఉంది. తొడుగులు లేకుండా ఆ యాసిడ్‌తో రెండు రోజులు నేల రుద్దిన చేతులవి. బండ రంగు మారడం చూసిన మా కళ్ళకు ఆ చేతులు కనిపించలేదు.

“చాచా, తప్పు మాది. యాసిడ్ మేము తెచ్చాము, మాట మేము అన్నాము. మన్నించండి” అన్నాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. “నేల సంగతి నాకు బాధ లేదు మౌల్వీ సాబ్. పిల్లల ముందు అన్నారు” అన్నారు. ఆ ఒక్క మాటతో మేము ఏం చేయాలో తెలిసింది.

శనివారం ఉదయం దర్సు మొదలుపెట్టే ముందు, ఆ ముప్ఫై మంది పిల్లల ఎదుటే, చాచా పక్కన నిలబడి జరిగినదంతా చెప్పాము. ఏ బండ మీద ఏ సీసా పోయించామో, ఎవరిని ఏమన్నామో ఒక్కటీ దాచలేదు. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. తరువాత చాచా చీపురు అందుకుంటూ ఒక షరతు పెట్టారు. ఆ రెండవ సీసా మదర్సాలో ఉండకూడదు. అదే రోజు దాన్ని బయటికి పంపించి, ఆయనకు రబ్బరు చేతి తొడుగులు, రెండు కొత్త బకెట్లు కొన్నాము. ఇప్పుడు పెద్ద విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆయనతో కలిసి ఊడుస్తున్నారు. ఎక్కడ పొడిగా ఊడ్వాలో, ఎక్కడ అద్దాలో ఆయనే నేర్పుతున్నారు. మా వంతు మంగళవారం.

హాలంతా మళ్ళీ పాలిష్ పట్టించడానికి మదర్సా దగ్గర డబ్బు లేదు. యాసిడ్ తిన్న చారలు అలాగే ఉన్నాయి. వాటిలో ఒకటి మేము కూర్చునే చోటుకు సరిగ్గా ఎదురుగా, మొదటి వరుస పిల్లల మోకాళ్ళ దగ్గర ఉంది. దాని మీద చాప వేయిద్దామని కమిటీలో ఒకరు సూచించారు. వద్దన్నాము. పాఠం చెబుతూ ఎప్పుడైనా గొంతు పెరిగినప్పుడు కళ్ళు దాని మీద పడతాయి.

ఈ వ్యాసం చదివిన వారు తమ ఇంటి నేలను ఒకసారి పరికించి చూడాలని కోరుతున్నాము. బండ ఏ జాతిదో, తడి ఎక్కడి నుంచి వస్తోందో, మచ్చకు కారణమేమిటో విచారించిన తరువాతే మందు వేయండి. అంతకు ముందుగా, ఆ నేలను రోజూ తుడిచే వారి చేతులను ఒకసారి చూడండి. ఆ చేతులు మీ తల్లివి కావచ్చు, భార్యవి కావచ్చు, జీతానికి వచ్చే మనిషివి కావచ్చు. మా పొరపాటును అల్లాహ్ మన్నించుగాక. ఆమీన్.